అంగట్లో అనకూడని మాట

మా ఇళ్లల్లో "లేదు" అనే మాట వాడరు. బూతులు వాడతారు, శాపనార్థాలు వాడతారు, చుట్టాల మీద చాడీలైతే విసుగు లేకుండా వాడతారు. కానీ ఎదుట గిరాకీ నిలబడి ఉండగా గల్లాపెట్టె దగ్గర కూర్చుని "లేదు" అన్నవాడు వ్యాపారానికి పనికిరాడని మా నమ్మకం. సరుకు అయిపోతే "నిండుకుంది" అంటారు. ఎప్పుడూ తెప్పించని సరుకైతే "రావాల" అంటారు. అలాంటిది భూమ్మీదే లేకపోతే "దారిలో ఉండాది" అంటారు.

ఆళ్లగడ్డలో మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. నా చిన్నతనంలో ఒక పెద్దావిడ వచ్చి, మూత తీయకుండానే లోపల ఇడ్లీ ఉడికిందో లేదో తెలిసే పాత్ర కావాలంది. అలాంటిదొకటి ఉండొచ్చని మా నాయన వినడం అదే మొదటిసారి. అయినా కన్నార్పకుండా "లారీ బయలుదేరిందమ్మా, దారిలో ఉండాది" అన్నాడు. ఆవిడ సంతృప్తిగా తలూపి, అంతవరకూ పని జరగాలి కదా అని మామూలు ఇడ్లీ పాత్ర ఒకటి కొనుక్కుని పోయింది.

నేను ఆ ఇంటి బిడ్డను. చదువు నన్ను హైదరాబాదులో ఒక ప్రయోగశాలదాకా తీసుకుపోయింది గాని, నాలుకను మాత్రం ఆళ్లగడ్డలోనే వదిలేసింది. ఎంజైములు అమ్మే ఏజెంటు నా బేరానికి జడిసి, నా ఫోను నంబరు చూస్తే ఎత్తడు. ఎలుకల గది చూసుకునే ఆయనను "ఈ ఎలుక కాస్త నీరసంగా ఉంది, మార్చివ్వండి" అని ఒకసారి అడిగాను. "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అన్నాడాయన. మా బజారు మనిషేమోనని అనుమానం వచ్చి ఊరు కూడా అడిగాను. చివరికి బ్యాక్టీరియాతోనూ బేరమే. "ఈ ఒక్క జన్యువు మోయి తల్లీ, నీకు చక్కెర ఇంకాస్త వేస్తాను" అని గాజు పళ్లెం ముందు గొణుక్కుంటుంటే పక్క టేబుల్ అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది.

నా పని గురించి గుడ్డల అంగడి భాషలో చెప్పడమే సులువు. దాన్ని ఇంట్లోవాళ్లకు నేను మొదట వివరించింది కూడా గుడ్డల అంగట్లోనే. నంద్యాలలో మా మేనమామ పంచెలు, తువ్వాళ్లు, దుప్పట్లు అమ్ముతాడు. బేతంచెర్ల బండలు పరిచిన అంగడి. ఆ బండల మీద కూర్చునే నేను బేరం నేర్చుకున్నాను. ధర ముందు చెప్పినవాడు ఓడినట్టే అనీ, నచ్చిన చీరను ఎప్పుడూ నేరుగా చూడకూడదనీ, లేచి వెళ్లిపోయేటప్పుడు చెప్పులు నిదానంగా వేసుకోవాలనీ నాకు చెప్పింది ఆయనే.

ఆ మామకే లుకేమియా వచ్చింది. నెమ్మదిగా నడిచే రకం. ఒంట్లో ఏదో ఒక కణంలో రెండు క్రోమోజోములు తెగి, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుంటుంది. ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోయి, ఉండకూడని ప్రోటీన్ ఒకటి పుడుతుంది. మామూలు ప్రోటీన్ మంచి వ్యాపారిలాంటిది. వేళకు తెరుస్తుంది, వేళకు కట్టేస్తుంది. ఇది షట్టర్ దించడమే ఎరగదు. తెల్ల రక్తకణాలను తయారు చెయ్యి, తయారు చెయ్యి అని రాత్రీ పగలూ అరుస్తూనే ఉంటుంది. మామ రోజూ మింగాల్సిన బిళ్ల, పోటీ అంగడి తాళంలో చీపురుపుల్ల విరిచినట్టు, ఆ ప్రోటీన్ సందులోకి పోయి ఇరుక్కుంటుంది. ఈ పోలిక మా బజారులో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎవరు ఎవరి తాళంలో విరిచారన్న పాత గొడవ మాత్రం మళ్లీ మొదలైంది.

"మరి నువ్వు చేసేదేంది పాపా? ఇంగో బిళ్లనా?" అని అడిగాడు మామ.

"బిళ్ల కాదు మామా. ఆ అతుకు ఉండాది కదా, అది రోగమున్న కణంలోనే ఉంటాది, మంచి కణంలో ఉండదు. ఆ అతుకులోంచి చిన్న శాంపిల్ ముక్క కత్తిరించి, ఒంట్లో కాపలా కాసే కణాలకు చూపిస్తాం. ఇట్లాంటి అతుకు యాడ కనపడినా పట్టుకోండ్రి అని."

"శాంపిల్ ఎవరు తీసుకపోతారు?"

"బ్యాక్టీరియా. పాలను తోడుపెట్టే జాతిది, మనిషినేం చెయ్యదు. దాని నెత్తిన మూట పెట్టి పంపిస్తాం."

మామ కళ్లు మెరిశాయి. మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి గుడ్డలమ్మిన తాత ఆయనది. "మా తాత జేసిన పనే గదా అది" అన్నాడు. ఆ వారమంతా అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ తోడుపెట్టే పురుగు మూట మోసే కథ చెప్పాడు. తువ్వాలు కొనడానికి వచ్చినవాళ్లు ఇంటికి పోయి పెరుగు రెండు గరిటెలు ఎక్కువ వేసుకున్నారని విన్నాను.

నిజం చెప్పాలంటే మా పని ఎలుకల గది గడప దాటలేదు. కొన్ని ఎలుకల కాపలా కణాలు ఆ శాంపిల్‌ను చూసి కొంచెం ఆసక్తి చూపించాయి. మిగతావి మా పెద్దమ్మ చీరలు చూసినట్టు అన్నీ విప్పించి చూసి, ఏమీ పట్టించుకోకుండా వెళ్లిపోయాయి. మనిషికి ఇచ్చే మందు సంగతి ఆలోచించడానికి కూడా ఇంకా వేళ కాలేదు. కానీ మామ నిండు అంగట్లో, నలుగురు గిరాకీలు వింటుండగా, "అయితే మన సరుకు ఎప్పుడొస్తాది?" అని అడిగాడు. వెనక దుప్పట్లు, ముందర గల్లాపెట్టె. అలాంటి చోట నా నాలుకకు వేరే మాట రాదు.

"దారిలో ఉండాది మామా" అన్నాను.

తర్వాత కొన్నాళ్లకు అత్త ఫోన్ చేసింది. అంగట్లో దుప్పట్ల బేలు కట్ట కింద బిళ్లల అట్టలు చించకుండా దొరికాయట. "మింగినానంటాడు, నీళ్లు గూడా తాగి చూపిస్తాడు. ఏందో నువ్వే వచ్చి చూడు" అంది. రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు మళ్లీ పెరుగుతున్నాయి. బిళ్ల ఆపితే నెమ్మదిగా నడిచే రోగం పరుగెత్తడం నేర్చుకోవచ్చు. అలా పరుగెత్తే రకాన్ని ఆపడం చాలా కష్టం. ఆ విషయం నాకు అందరికన్నా బాగా తెలుసు. ఆ పరుగు గురించి రాసేందుకే నాకు జీతమిస్తున్నారు. నంద్యాల బస్సెక్కాను.

మామ జొన్నరొట్టెలోకి చెనక్కాయల పొడి కలుపుకుంటూ నన్ను చూసి, "ఏం పాపా, ఉన్నట్టుండి వచ్చినావ్?" అన్నాడు. కళ్ల కింద వాపు లేదు. ఆ బిళ్ల వేసుకునేవాళ్లకు కళ్లు కాస్త ఉబ్బుతాయి. ముఖం నిగనిగలాడుతుంటే నాకు భయమేసింది.

"బిళ్ల ఎందుకు మింగడం ల్యా?"

"మింగుతాండా గదా."

"దుప్పట్ల బేలు మింగుతాండాది" అంది అత్త వంటింట్లోంచి.

"కడుపులో తిప్పుతాండాది పాపా" అన్నాడు. తిన్నాక మింగమన్నాను. "కండ్లు ఉబ్బుతాండాయి. గిరాకీ వచ్చినోళ్లు రాత్రి తాగినాడేమో అనుకుంటాండారు" అన్నాడు. అనుకోనీ అన్నాను. "మనసొప్పడం ల్యా" అన్నాడు. ఇది మామ చివరి ధర. దీని తర్వాత ఆయన దిగడని నాకు తెలుసు.

నేర్చుకున్న విద్య తీశాను. లేచి, సంచి భుజాన వేసుకుని, "అట్లయితే నేను పోతాండా. నీ ఒళ్లు, నీ ఇష్టం" అని గడప దగ్గర చెప్పులు నిదానంగా, చాలా నిదానంగా వేసుకున్నాను. వెనక్కి పిలవాలి. పిలుస్తారు. ఈ ఎత్తు ఎక్కడా వమ్ము కాలేదు.

"ఆళ్లగడ్డ బస్సు స్టాండులోనే ఉంటాది. బేగా పో, సీటు దొరుకుతాది" అన్నాడు మామ, రెండో రొట్టె తుంచుతూ.

వీధి మలుపుదాకా పోయాను. అక్కడ నిలబడి ఫోను చూసుకుంటున్నట్టు కాసేపు నటించాను. ఎవరూ పిలవలేదు. మర్చిపోయిన దువ్వెన కోసమని చెప్పి తిరిగి వచ్చాను. అత్త నాకూ ఒక కంచం పెట్టింది. నేర్పినవాడి మీదే ఎత్తు వేస్తే ఇంతే మరి.

సాయంత్రం అంగడికి పోయాను. మామ లోపల ఎవరికో పంచె అంచు చూపిస్తున్నాడు. ఎదుటి వరసలో అత్తరు అంగడి పెట్టుకున్న సాయిబు నన్ను చూసి స్టూలు జరిపాడు. మామకు పాత స్నేహితుడు. రోజూ ఒకరి గిరాకీని ఒకరు ఎత్తిపొడుచుకుంటూ కలిసి టీ తాగుతారు.

"ఏం బేటీ, మొగం అట్లా పెట్టినావ్? సరుకు దిగలేదా ఇంకా?"

"ఏం సరుకు?"

"నీ మందే. మీ మామ బోణీ చేయాలంట గదా."

మా మామకు నంద్యాల బజారులో ఒక పేరుంది. ఆయన చెయ్యి మంచిదంటారు. కొత్త అంగడి ఎవరు తెరిచినా మొదటి బేరానికి ఆయనను పిలుస్తారు. పోయి ఏదో ఒకటి కొంటాడు. ఇక ఆ అంగడికి తిరుగుండదని నమ్మకం. సాయిబు అంగడిలో మొదటి అత్తరు సీసా కొన్నది ఆయనే. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే ఒకాయన సొంతంగా షెడ్డు వేసుకున్నప్పుడు పోయి పిడికెడంత నంది కొన్నాడు. ఆ నంది ఇప్పటికీ గల్లాపెట్టె మీద కాగితాలు ఎగరకుండా కూర్చుని ఉంటుంది. ఆ శిల్పికి ఎక్కడెక్కడి గుళ్ల నుంచో పనులు వస్తున్నాయి. ఇదంతా నాకు తెలుసు. దీనికీ బిళ్లకూ ఏం సంబంధమో తెలియలేదు.

"బోణీకి బిళ్ల మానడమెందుకు భాయ్?"

"అదే నేనూ అడిగినా. ఏమన్నాడో తెల్సా? బిళ్ల మింగి రోగం నయమైపాయె అనుకో, రేపు పాప మందు వస్తే నేను ఏమని కొనాల? అక్కర లేకుండా కొంటే అది దొంగ బోణీ, పాపకు కలిసిరాదు, అన్నాడు. ఆ రోజు పరాయోడెవడో మొదటి బేరం చేస్తే వాని చెయ్యి ఎట్లాంటిదో ఏమో అని ఒకటే గుబులు. నేను చెప్పినా బేటీ, పిచ్చోడా అని. నా మాట ఎప్పుడు విన్యాడు? నేను చెప్పిన రంగు దుప్పట్లు ఒక్కటన్నా తెప్పించినాడా?"

కడుపులో తిప్పడం కాదు, కళ్లు ఉబ్బడం కాదు. నా లారీ వస్తుందని మనిషి రోగాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చున్నాడు, నాకు కలిసి రావాలని. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వును ఏం చెయ్యాలో తెలియక, సాయిబు చేతి మీద రాసిన అత్తరు చాలాసేపు వాసన చూస్తూ కూర్చున్నాను. కొనలేదు. ధర ఎక్కువ చెప్పాడు.

మర్నాడు మామ అంగడి తెరిచి, నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి, నందిని తుడిచే వేళకు నేను మెట్టెక్కాను. ఇంకా బోణీ కాలేదు. ఎదురుగా సాయిబు సీసాల దుమ్ము దులుపుతూ చెవులు ఇటు పెట్టాడు.

"ఏం పాపా, ఈరోజు బోణీ నీదేనా?"

"నాదే. ముందు నన్నొక మాట అడుగు మామా. మందు వచ్చిందా అని అడుగు."

మామ ముఖం వెలిగింది. "వచ్చిందా?"

"లేదు."

ఊదుబత్తి పొగ కూడా నిలిచిపోయినట్టయింది. మామ ముందు వీధిలోకి చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. సాయిబు విన్నాడు. విన్నట్టు కనిపించకుండా ఉండడానికి ఖాళీ సీసాను తెగ తుడుస్తున్నాడు.

"పొద్దున్నే, బోణీ గాకముందు, అంగట్లో నిలబడి ఏం మాటది పాపా? రావాల అను."

"లేదు మామా. మనుషులకిచ్చే మందు లేదు. ఎలకలకే సరిగ్గా కుదర్ల్యా. ఎప్పుడొస్తాదో చెప్పల్యాను. వస్తాదో రాదో గూడా చెప్పల్యాను."

"మరి దారిలో ఉండాది అంటివే?"

"ఆ బండల మీద కూర్చోబెట్టి నాకు ఆ మాట నేర్పిందెవరు?"

మామ ఇంకో ఊదుబత్తి వెలిగించాడు, అపశకునానికి విరుగుడుగా. తర్వాత గల్లాపెట్టె వెనక కూలబడ్డాడు. ఆయన అంత చిన్నగా కనపడటం నేనెప్పుడూ చూడలేదు. "అయితే బోణీ ల్యానట్టేనా" అన్నాడు.

బేరంలో ఇలాంటి క్షణం కోసమే కాచుకుని ఉండాలి. ఎదుటివాడు తనకు నిజంగా ఏం కావాలో నోరు జారి చెప్పేశాడు.

"బోణీ నీదే. ఇంకెవరికీ ఇయ్యను. కానీ అరువు బోణీ నేనొప్పుకోను."

మామ తలెత్తాడు. మొదటి బేరం అరువు పెట్టడం మా వాళ్లల్లో తిట్టుకన్నా పెద్ద తప్పు. "నేనెప్పుడన్నా అరువు బోణీ చేసినానా? సాయిబును అడుగు."

"చెయ్యల్యా" అన్నాడు సాయిబు వీధి అవతలి నుంచి, వినడంలేదన్న సంగతి మర్చిపోయి.

"ఇప్పుడు చేస్తాండావ్. విను మామా. గోడౌన్ నిండా అతుకుల గుడ్డ బేళ్లు బేళ్లు పడుండాది. వాకిట్లో ఒకడు నిలబడి చిన్న శాంపిల్ ముక్క చూపిస్తే ఏమయితాది? ఎంతమంది కాపలావాళ్లున్నా ఏరగలరా?"

"యాడ ఏరతారు."

"అదే చెప్తాండా. ముందు బిళ్ల గోడౌన్ ఖాళీ చెయ్యాల. ఖాళీ చేసినాక గూడా మూలల్లో, సందుల్లో కొన్ని పోగులు మిగుల్తాయి. అవి ఏరేదానికే, ఎప్పుడన్నా వస్తే గిస్తే, నా సరుకు. బిళ్ల మింగితే నీ అక్కర తీరిపోదు. బిళ్ల మింగినోడికే నా అక్కర. నువ్వు ఒళ్లంతా రోగం నింపుకుని వస్తే, ఉట్టి చేతుల్తో వచ్చి సరుకియ్యి, డబ్బు తర్వాత చూసుకుందాం అన్నట్టు. అట్లాంటి గిరాకీని నేను మెట్టు ఎక్కనియ్యను."

మామ గడ్డం గోక్కున్నాడు. నాకు ఆ గోకుడు తెలుసు. లెక్క వేస్తున్నాడు.

"కొంచెం మిగల్చుకోవాల గదా అయితే. రోజు ఇడిసి రోజు మింగుతా."

"కుదరదు."

"ఆదివారం అంగడికి సెలవు. బిళ్లకు గూడా—"

"మామా. ఒకటే రేటు."

ఆ మాట నా నోట్లోంచి రావడం నాకే కొత్తగా ఉంది. ఒకటే రేటు అని బోర్డు పెట్టిన అంగళ్లను మా వంశంలో రెండు తరాలుగా చిన్నచూపు చూస్తున్నారు. మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు, అంచు ఊడిన పంచెను చూసినట్టు.

"బోణీ నాకే ఉంచుతావా?"

"ఉంచుతా."

"నేను బాగుండి వస్తేనే?"

"బాగుండి వస్తేనే."

అత్త క్యారియర్‌లో ఉగ్గాని, బజ్జీ పంపించి ఉంది. తిన్న తర్వాత మింగాలన్న డాక్టరు మాట గుర్తుచేశాను. బజ్జీ తిన్నాడు. ఉగ్గాని మొత్తం తిన్నాడు. చెంబెడు నీళ్లు పెట్టుకుని, బేలు కిందినుంచి అట్ట తీసి, బిళ్ల చేతిలో వేసుకుని, నందికి చూపించి, మింగాడు. నోరు తెరిచి చూపించమన్నాను. చూపించాడు. సాయిబుకు కూడా చూపించాడు.

వెళ్లబోతుంటే, "యాడికి? బోణీ నీదన్యావే" అని నాకొక తువ్వాలు అంటగట్టాడు. అంచు దగ్గర నేత లోపం ఉన్న తువ్వాలు. ఒక్క పైసా తగ్గించలేదు. "ఒకటే రేటు పాపా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన తిట్టాల్సినంత తిట్టాడు. మామ తగ్గించమని అడగలేదు, పూర్తిగా తీసుకున్నాడు. అప్పటినుంచి కణాలు నెమ్మదిగా కిందికి వస్తున్నాయి. ఇంకా పోవాల్సింది ఉంది, మధ్యమధ్యలో పరీక్షలు చేయించాల్సిందే. కళ్లు మళ్లీ కాస్త ఉబ్బాయి. ఆ ఉబ్బును వీడియో కాల్‌లో చూసినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు రోజూ అంగడి తెరిచే వేళకు ఫోన్ చేస్తాడు. ఆ మాట అంగట్లో వినకూడదు కాబట్టి మెట్టు దిగి, రోడ్డు దాటి, సాయిబు అరుగు మీద నిలబడతాడు. "నా వ్యాపారం ఏమైపోవాల" అని సాయిబు మొత్తుకుంటుంటే అది కూడా ఫోనులో వినపడుతుంది.

"వచ్చిందా పాపా?"

"లేదు మామా."

నీళ్లు గుటకేసిన చప్పుడు. "సరే. మింగినా. పో, నీ పని చూసుకో."

మొన్న ఒక పొద్దున ప్రయోగశాలలో ఫలితాలు వచ్చాయి. ఎప్పుడూ మా పెద్దమ్మలా చూసి వెళ్లిపోయే ఎలుకల కాపలా కణాల్లో కొన్ని ఈసారి శాంపిల్ దగ్గర ఆగాయి. అతుకును గుర్తుపట్టాయి. ఇది నిజమో, నా ఆశ చేసిన లెక్కో తేలాలంటే అంతా మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. అయినా కాగితాన్ని మళ్లీ మళ్లీ చదువుతున్నాను. అప్పుడే ఫోన్ మోగింది.

"వచ్చిందా పాపా?"

నాలుక చివర లారీ బయలుదేరి నిలబడింది. ఇంజను చప్పుడు కూడా వినపడుతోంది. అవతల మామ చేతిలో బిళ్ల ఉంది, ఇంకా నోట్లో వేసుకోలేదు.

"లేదు మామా" అన్నాను.

గుటక వినపడేదాకా ఫోన్ పెట్టలేదు.